కూత మీదున్నప్పుడు దీవించిన

పోయిన ఎండాకాలం జహీరాబాద్‌ల కబడ్డీ పోటీలు పెట్టిన్రు. మా అత్తగారూరు ఝరాసంగం దిక్కు. ఫైనల్ రోజు మా అత్తగారూరి మగోళ్ల టీంల ఒకరి కాలు బెణికింది. కాలేజీల ఆడినదాన్నని, టీం కెప్టెన్ మా ఆయన నన్ను దింపిండు. ఎదురుగ ఎవరనుకున్నరు? రాయికోడ్ దిక్కు మా తల్లిగారూరోళ్లే!

"ఆడామెతోటి ఆడుడేంది? గెలిస్తే పేరు రాదు, ఓడితే ఇజ్జత్ పోతది" అని వాళ్లు లొల్లి పెట్టిన్రు. పెద్దమనుషులు ఎట్లనో ఒప్పించిన్రు.

వాళ్లందరు నాకు తమ్ముళ్ల వరుస. అక్కను ఎట్ల పట్టాలె అని ఒక్కడు దగ్గరికి రాడు. నేను కూతకు పోవుడు, ముట్టుకొని వచ్చుడు. మా ఆయన మీసం తిప్పుతుండు.

స్కోరు సమానమైంది. ఆఖరి కూత నాదే. కబడ్డీ కబడ్డీ అనుకుంట పోయిన. మా చిన్నమ్మ కొడుకు మహేశ్ ఉరికొచ్చి నా కాళ్ల మీద పడ్డడు.

"మొక్కుతున్న అక్కా, దీవించు!"

"సల్లగ బతుకు తమ్మీ" అన్న.

ఇగ కూత ఆగింది. ఈల మోగింది. నేను ఔట్. నా దీవెన అక్కడనే ఫలించి కప్పు వాళ్లకే పోయింది. మా ఆయన తిప్పిన మీసం కిందికి దించిండు.

ఆడోళ్లు మగోళ్ల టీంల ఆడొచ్చా అని ఎవరన్న అడిగితే, బరాబర్ ఆడొచ్చు అని నేనంట. తల్లిగారూరి మీద మాత్రం వద్దు.