జానెడు తక్కువైన హాయిస్టు

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో నాకు వచ్చినంత కోపం ఆ తర్వాత ఇంకెప్పుడూ రాలేదు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. హౌరా వైపు గేర్‌బాక్సులు బాగుచేసే ఓ కార్ఖానాలో జూనియర్ ఇంజనీర్ని. షెడ్డు నిండా మగవాళ్ళు, ఆడపిల్లని నేనొక్కదాన్నే. గేటు దగ్గర దర్బాను రోజూ పొద్దున్నే "ఆఫీసు అటు, దిదిమణీ" అని (అమ్మాయిగారూ అన్నమాట) టైపు కొట్టేవాళ్ళ గది చూపించేవాడు, నేను రోజూ మండిపడేదాన్ని. టీ తెచ్చే పెద్దాయన అందరికీ గ్లాసుల్లో పోసి నాకు మాత్రం సాసరుతో కప్పు ఇస్తే దానికీ మండిపడ్డాను. (పాపం, ఆయన మర్యాదకే ఇచ్చి ఉంటాడు. ఆ ముక్క తట్టడానికి నాకు పదేళ్ళు పట్టింది.) లిలువా రైల్వే వర్క్‌షాపులో జీవితమంతా ఫిట్టరుగా పనిచేసిన మా నాన్న "యంత్రాలతో జాగ్రత్తమ్మా" అని చెప్పి పంపారు గానీ, ఆ యంత్రాలు నన్నెప్పుడూ ఏమీ అనలేదు.

అయితే అసలు కోపం రావలసిన సంగతి ఒకటి నిజంగానే ఉంది. ఒక్కో గేర్‌బాక్సు టన్నున్నర బరువు. దాన్ని నేల మీంచి టెస్టు బల్ల మీదికి ఎక్కించడానికి ఉన్నది చేత్తో గొలుసు లాగే పాత చైన్ బ్లాకు. నలుగురు లాగితే చెమటలు కక్కుతూ అంగుళం అంగుళం లేచేది. ఓ రోజు గొలుసు జారింది. బరువు బెత్తెడే కిందికి దిగింది, కానీ ఆ బెత్తెడులోనే మావయ్య ఎడమచేతి రెండు వేళ్ళ చివర్లు నలిగిపోయాయి. మావయ్య అంటే బంధువు కాడు, బరువులకు తాళ్ళు కట్టి ఎత్తించే ఖలాసీ. శ్రీకాకుళం వైపు మనిషి, లిలువాలో మా పక్క క్వార్టర్లో ఉండేవాడు, నన్ను ఎత్తుకుని తిప్పినవాడు. ఆ వారంలోనే యజమాని, మీట నొక్కితే బరువులెత్తే కరెంటు హాయిస్టు కొనమన్నాడు. ఏది కొనాలో తేల్చే పని నాకిచ్చారు. నా మీద నమ్మకంతో కాదు, మిగతా ఎవరికీ తీరిక లేక.

మా మేనేజర్‌కి కార్ఖానాలో పేరు హోబే దాదా. ఏది అడిగినా "హోబే, హోబే" అనేవాడు. అంటే బెంగాలీలో అవుతుందని అర్థం, కానీ ఏదీ అయ్యేది కాదు. ఆయన గదికి ఓ సేల్స్ ఆయన మెరిసే కేటలాగులతో వచ్చాడు. అయిదు టన్నులు మోసే, ఉక్కుతాడుతో నడిచే భారీ హాయిస్టు తీసుకోమన్నాడు. ప్రశ్నలన్నీ నేనే అడిగాను, జవాబులన్నీ ఆయన హోబే దాదాకే చెప్పాడు. మూడోసారికి నేను కుర్చీ జరిపి ఇద్దరికీ మధ్యలో కూర్చున్నాను. ఆయన నా తల మీదుగా చూస్తూ "సర్, పెద్దదైతే మీ షెడ్డుకే అందం" అన్నాడు.

"అందానికి కాదు, ఎత్తడానికి కొంటున్నాం! మా షెడ్డు కప్పు పొట్టిది. మీ హాయిస్టు ఒళ్ళే అంత కిందికి వేలాడితే బరువు లేవడానికి చోటెక్కడిది?" అన్నాను.

"దిదిమణికి కోపమొచ్చింది" అని హోబే దాదా నవ్వాడు.

ఆ నవ్వు చాలు. ఇంటికెళ్ళి నాలుగు పేజీల నోటు రాశాను. దూలం ఎత్తెంత, హాయిస్టు ఒళ్ళెంత, గేర్‌బాక్సు ఎత్తెంత, బల్ల ఎత్తెంత, అన్నీ. ఒళ్ళు చిన్నదైన రెండు టన్నుల చైన్ హాయిస్టే సరైనదని తేల్చి, నోటు నేరుగా యజమాని బల్ల మీద పెట్టాను. ఆయన చదివి సరేనన్నాడు! ఆ సాయంత్రం షెడ్డులో నేను నడిచిన నడక తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మావయ్య కట్టు కట్టిన చేత్తోనే నన్ను పిలిచాడు.

"ఏటి పాపా, అన్నీ కొలిసినావట. మరి కట్టే తాడో? దాని పొడవు నెక్కేసినావా?"

"అవన్నీ చూశాను లెండి మావయ్యా" అన్నాను, చూడకుండానే. అదీ చుట్టూ ఉన్నవాళ్ళు వినేలా, హిందీలో. ఆయన "ఏటి" అంటే ఎక్కడ నన్నూ ఆ ఖలాసీల జట్టులో కట్టేస్తారోనని నా భయం. నా మాట ఎవరూ వినరని లోకమంతటి మీదా మండిపడుతున్న మనిషిని, నేను చేసిన పని అది.

హాయిస్టు వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు, యజమాని మీట నొక్కాడు. గేర్‌బాక్సు బరువే లేనట్టు, ఒక్క కుదుపు లేకుండా లేచింది. అందరూ చప్పట్లు. ఇంకా లేచింది. కొక్కెం పైకంటా వెళ్ళి, టక్కుమని ఆగింది. గేర్‌బాక్సు అడుగుభాగం బల్ల అంచుకి సరిగ్గా జానెడు కింద వేలాడుతోంది. కొక్కేనికీ బరువుకీ మధ్య ఉండే తాళ్ళ పొడవు నా నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. పాత చైన్ బ్లాకు ఒళ్ళు ఇంకా చిన్నది కాబట్టి అవే తాళ్ళతో ఇన్నాళ్ళూ అందేది. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగాయి.

"హోబే" అన్నాడు హోబే దాదా, చాలా మెల్లగా.

"తాళ్ళు పొట్టివి కట్టండి!" అని అరిచాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

మావయ్య తల అడ్డంగా ఊపాడు. "పొట్టి తాడు కడితే సేతులు బారజాపినట్టు పక్కలకి సాగిపోద్ది పాపా. తాడు మీద లాగుడు పెరిగి తెగిపోద్ది. ఒకపాలి సూసినాం కదా, సాలు." నేను చదువుకున్న పుస్తకంలోనూ అదే ఉంది. పుస్తకం చదివింది నేను, గుర్తున్నది ఆయనకి.

తర్వాత ఆయన వంగి బల్ల కింద చూశాడు. "దీన్ని మీదికి ఎత్తనేకపోతే, బల్లనే కిందికి దించీయండి. కాళ్ళు కోసీండి, పక్కన దీన్ని తిప్పే మోటారు దిమ్మ కాళ్ళూ కోసీండి. ఇంత ఎత్తేటి దీనికి? నోపల సూడ్డానికి కుర్రోళ్ళు స్టూలెక్కుతన్నారు." మధ్యాహ్నం భోజనాల వేళకి కాళ్ళు కోసేశారు. గేర్‌బాక్సు వెళ్ళి బల్ల మీద కూర్చుంది. స్టూలు అవసరం కూడా పోయింది. సాయంత్రం యజమానితో హోబే దాదా, "బల్ల ఎత్తు తగ్గించాలని నేను ఎప్పటినుంచో అంటున్నాను సార్" అన్నాడు. ఎప్పుడన్నాడు? ఎవరితో అన్నాడు? నా రక్తం మళ్ళీ మరిగింది, కానీ ఈసారి నా కోసం కాదు. "కాదు సార్, అది మావయ్య చెప్పిన ఉపాయం. తప్పు లెక్క నాది" అన్నాను. యజమాని లేచి షెడ్డులోకి వెళ్ళి మావయ్య మంచి చెయ్యి పట్టుకుని ఊపాడు. హోబే దాదా నెల రోజులు నాతో మాట్లాడలేదు. పని ఎంత బాగా సాగిందో!

ఆ ఆదివారం మావయ్య ఇంటికి వెళ్ళాను. వినలేదు, క్షమించండి అని తెలుగులోనే, ఆయన మాట్లాడే తెలుగులోనే చెప్పబోయి తడబడి ఏడ్చేశాను. "ఏటమ్మా, అంత సక్కగా ఏడుత్తున్నావు, ఇంద, సేప ముక్క తిను" అని అత్తయ్యని కేకేశాడు.

ఇప్పుడు నాకూ ఓ గది, దానికో తలుపు ఉన్నాయి. ఎవరైనా నా తల మీదుగా మాట్లాడితే చిరునవ్వుతో చూస్తూ కూర్చోవడం వచ్చేసింది. అది మర్యాదో అలసటో తేల్చుకోలేను. కుర్చీ జరుపుకుని మధ్యలో కూర్చున్న ఆ పిల్ల ఎదురైతే లెక్కలు మాత్రం ఆమెను అడగను. ఆ కోపం కాస్త ఇచ్చి వెళ్ళమంటాను.