పండ్ల మార్కెట్ హమాలీ

ట్రమడాల్ మాత్ర, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన హెచ్1 మందుల జాబితాలో ఉండి, మాదకద్రవ్యాల చట్టంలోకి ఇంకా రాని రోజుల్లో నన్ను దిల్‌సుఖ్‌నగర్–ఎల్‌బీ నగర్ ఏరియాకు మెడికల్ రెప్రజెంటేటివ్‌గా వేశారు. నొప్పికి వాడే ఆ మాత్ర నల్లమందుకు దూరపు చుట్టం. డాక్టర్లకు చూపించమని కంపెనీ మాకిచ్చిన బొమ్మల పుస్తకంలో మాత్రం అలవాటుపడే భయం లేదని అచ్చేశారు.

డాక్టర్లు మాకిచ్చేది రెండు నిమిషాలు. గ్రాఫు చూపిస్తే ఆవలిస్తారు, కథ చెబితే వింటారు. కథలల్లడం నాకు పుట్టుకతో వచ్చింది. అందుకని కొత్తపేట పండ్ల మార్కెట్లో ఒక హమాలీని పుట్టించాను. మామిడికాయల పెట్టెలు మోసి నడుం పట్టేసిన అతను ఆర్నెల్లు మా మాత్ర మింగి, సోమవారం మానేసి, మంగళవారం మళ్ళీ పెట్టె ఎత్తాడు. ఎముకల డాక్టరు ఒకాయనకు ఈ హమాలీ తెగ నచ్చాడు.

హెచ్1 మందు అమ్మిన దుకాణదారు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాయాలి. అది తనిఖీ అధికారుల కోసం పెట్టింది. మేమేమో ఏ డాక్టరు మా మందు ఎంత రాస్తున్నాడో అందులో చూసుకునేవాళ్ళం. ఆ ఎముకల డాక్టరు పేరు వెంట నా వేలు పరుగెత్తేది. పక్క గడిలో వారం వారం లింగయ్య అన్న పేరే వస్తోందని గమనించలేదు.

ఒక సాయంత్రం, ఆ డాక్టరు చీటీలు వచ్చే మందుల దుకాణంలోనే లింగయ్య ఎదురయ్యాడు. నల్గొండ వైపు మనిషి, షేర్ ఆటో నడుపుతాడు. ఒళ్ళంతా చెమట, చేతుల్లో వణుకు.

“కొత్త చీటీ లేనిదే ఇవ్వనయ్యా,” అంటున్నారు దుకాణం సుబ్బారావు గారు. “ఇదిగో, కంపెనీ ఆయనే ఉన్నారుగా, అడుగు.”

“సార్, రెండు దినాలు బంద్ చేస్తే పానం పోతున్నట్టున్నది. చేతుల హ్యాండిల్ ఆగుతలేదు, నిన్న సవారీలతోని డివైడర్ ఎక్కిచ్చిన. డాక్టర్ సారేమో, మార్కెట్ల ఒక హమాలీ ఒక్క దినంల ఇడిసిండు, నీకేమొచ్చింది అంటుండు. గాయన నంబర్ జర ఇప్పియ్యి సార్. ఎట్ల ఇడిసిండో అడుగుత.”

“ఈయన కథల్లో మనుషులకి ఫోన్లుండవు,” అన్నారు నా కథలు ఎన్నో విన్న సుబ్బారావు గారు.

అలాంటి హమాలీ ఎవరూ లేడని ఒప్పుకున్నాను.

“మరి పిరికోణ్ణని నా పెండ్లాం ముంగట ఏడిస్తి గద సార్,” అన్నాడు లింగయ్య.

ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. అదే మాట ఆయనకూ చెప్పాను. నన్ను బయటికి పొమ్మని, లింగయ్యను కూర్చోబెట్టి, మోతాదు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోయేలా చీటీ రాశారు. పూర్తిగా మానడానికి లింగయ్యకు ఒక వేసవి పట్టింది. ఆ క్లినిక్ గుమ్మం మళ్ళీ నన్ను ఎక్కనివ్వలేదు.

తర్వాత ఆ మాత్ర మాదకద్రవ్యాల చట్టంలోకి వచ్చింది, నేనూ గడువుకు ముందే రిటైరయ్యాను. ఆ రిజిస్టరులో రోగి పేరుకు గడి ఉంది, డాక్టరు పేరుకు గడి ఉంది. డాక్టరుకు ఆ కథ చెప్పినవాడి పేరుకు గడి లేదు.