ఉరుకుందప్ప ఎడమకాలు

ఆలూరు చుట్టుపక్కల నాలుగూళ్లలో చెక్కభజన అంటే ఉరుకుందప్పే. ఉన్నది మూడెకరాల మెట్ట, అదీ వాన పడితే పంట, లేకుంటే బీడు. కానీ కాలికి గజ్జె కట్టి, చేతుల్లో చెక్కలు మోగిస్తూ, గుండ్రంగా నిలబడ్డ ఇరవైమంది నడుమకు వచ్చాడంటే మాత్రం జమీందారే. ఆయన దగ్గర నేర్చుకోవడానికి ఒకటే పద్ధతి. నోరు మెదపకూడదు, గురువు కాళ్లు చూడాలి, అచ్చం అట్లాగే వేయాలి. ఎందుకని అడిగినవాణ్ని ఆ పూటకు వరుసలోంచి బయటికి తోలేసేవాడు. అరవై రెండేళ్లు వచ్చినా ఆ పంతం తగ్గలేదు.

అంతటి మనిషికి నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

కడపలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మధులత ఫోన్ చేసింది. ఒంటికి చిన్న చిన్న పరికరాలు కడతారట, ఆడుతుంటే ప్రతి కదలికనూ కంప్యూటర్ పట్టుకుంటుందట, తెరమీద ఒక బొమ్మ అట్లాగే ఆడుతుందట. రేపు బడిపిల్లలు ఆ బొమ్మను చూసే చెక్కభజన నేర్చుకుంటారట. ఊరంతా పొంగిపోయింది. ఉరుకుందప్ప గుండెల్లో మాత్రం రాయి పడింది.

సంగతేమిటంటే, పదకొండేళ్ల కిందట ఒక జాతరలో ఆడి వస్తూ ట్రాక్టర్ దిగబోయి పడ్డాడు. ఎడమ మోకాలు అప్పుడే పోయింది. భార్య భీమక్కకు తప్ప మూడో కంటికి ఆ సంగతి తెలియదు. కుంటి గురువు దగ్గర ఎవరు నేర్చుకుంటారని ఆయన భయం. నడకలో దాచాడు, ఆటలో ఇంకా బాగా దాచాడు. చెక్కల నాలుగో దెబ్బకు ఎడమకాలి మీద పూర్తిగా కూర్చుని ఎగిరి లేవాల్సిన చోట, సగమే వంగి కాలిని పక్కకు ఈడ్చి తిప్పేవాడు. గజ్జెల మోతలో ఎవరికీ పట్టుబడలేదు. మనుషుల కళ్లు కప్పాడు సరే, యంత్రం కళ్లు కప్పడం ఎట్లా?

"కాలు బాగలేదని చెప్పేస్తే పోతాది గదా," అంది భీమక్క.

"నువ్వూరుకోమే! పదకొండేండ్లు దాసింది ఈపొద్దు చెప్పల్లా?" అని ఆమె మీద ఎగిరాడు. పాపం, ఆమె చేసిన తప్పేముంది? భయపడ్డ మగవాడి కోపమంతా ఇంట్లోవాళ్ల మీదే కదా.

మధులత వస్తానన్న రోజు రానే వచ్చింది. పొద్దున్నే బడి వరండాలో తెర పెట్టారు. మధులత మైదుకూరు పిల్ల, పెద్దాచిన్నా తెలిసిందే. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "పెద్దాయనా, ముందు మీ శిష్యులవి తీసుకుంటాం. మీది ఆఖర్న. అంతవరకూ తెర చూస్తాండండి," అంది. హమ్మయ్య అనుకున్నాడు. ఆ హమ్మయ్య నిమిషం కూడా నిలవలేదు.

మొదట మేనల్లుడు హనుమేష్ పరికరాలు కట్టుకున్నాడు. పాతికేళ్లవాడు, గుర్రంలాంటి వాడు. ఆట మొదలైంది. తెరమీద ముఖం లేదు, పంచె లేదు, గజ్జె లేదు. ఉత్త గీతల మనిషి. నాలుగో దెబ్బ పడింది. ఆ గీతల మనిషి సగం వంగి, ఎడమకాలు ఈడ్చాడు. కుంటుతున్నాడు.

ఉరుకుందప్ప కుర్చీలోంచి సగం లేచాడు. "నాది ఎప్పుడు తీసినావమ్మా?"

"మీది కాదు పెద్దాయనా, హనుమేష్‌ది. ఇప్పుడు ఆడ్తాండాడు గదా."

తర్వాత ఇంకో శిష్యుడు ఓబుళేశు ఆడాడు. గీతల మనిషి మళ్లీ కుంటాడు. మూడోవాడిదీ అదే కుంటు.

బయటపడతానన్న భయం ఎటు పోయిందో పోయింది. దాన్ని మించిన భయం పట్టుకుంది ఆయన్ను. పాత శిష్యులు ఆట మానేసి ఏళ్లయింది, తన గురువు నేర్పిన అడుగు ఇప్పుడు ఒక్కరి కాళ్లలోనూ లేదు. ఈ బొమ్మ బడులకు పోతే ఊరూరా పిల్లలు తన కుంటి అడుగే నేర్చుకుంటారు. ఒక్కడైనా నోరు తెరిచి ఇదేమని అడిగి ఉంటే ఇంతదాకా వచ్చేదా! అడగనిచ్చింది ఎవరు?

"మీ వంతు, పెద్దాయనా," అంది మధులత.

ఆయన లేవలేదు. "వద్దమ్మా. తీసినవన్నీ తుడిపెయ్యి. అది అడుగు గాదు. నా మోకాలు పోయి శానా ఏండ్లాయ. నొప్పికి నేనట్ల ఈడుస్తాంటి. వీళ్లు అదే ఆట అనుకున్యారు."

హనుమేష్ తన ఎడమ మోకాలు తడుముకున్నాడు.

"మరి ఈడ నొప్పి పుడతాది గదా మామా, మాకందరికీ? అదిగూడా ఆటలోదే అనుకుంటిమి. అడిగితే తిడతావని..."

ఉరుకుందప్పకు దుఃఖం ఆగలేదు. అందరి ముందే ఏడ్చాడు. సరైన అడుగు వేసి చూపిద్దామని లేచి వంగబోయాడు, మోకాలు వంగలేదు. చివరికి నేలమీద చతికిలబడి, ఎడమకాలు చాపుకుని, హనుమేష్‌ను దగ్గరికి రమ్మన్నాడు. మేనల్లుడి ఎడమ పాదాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"అయ్యో, వద్దు మామా! నా కాలు నువ్వు పట్టగూడదు," అని వాడు వెనక్కి లాక్కోబోయాడు.

"కదలాకు రా. నోటితో చెప్పేది నాకు రాదు." ఆ పాదాన్ని నేలకు ఆనించి, మడమ తిన్నగా పెట్టించి, మోకాలి మీద చేయి వేసి మెల్లగా కిందికి నొక్కాడు. "ఇట్ల... పూర్తిగా కూసో. నొప్పి పుడితే చెప్పు. యెంటనే చెప్పు."