ఐర్లండు సర్కారూ, మా మేనకోడలి బుట్టా

మా ఇంట్లో రాజకీయాలు మాట్లాడకూడదని మా అప్ప శాసనం చేసింది. అప్ప అంటే మా అక్క, మా వైపు అలాగే పిలుస్తాం. కిందటి ఎన్నికలప్పుడు కుటుంబం వాట్సాప్ గ్రూపులో నేనూ మా అన్నయ్యా వేసుకున్న కొట్లాటకి, నెల్లిమర్లలో ఉన్న ఆవిడ ఫోను వేడెక్కి పక్కనున్న గిన్నెలో పాలు పొంగిపోయాయట. ఇందులో నేను కలిపినది కొంచెమే. గ్రూపుకి అడ్మిన్ ఆవిడే కాబట్టి ఒక ఉదయం ఆదేశం వెలువడింది. రాష్ట్రం సంగతి ఎత్తకూడదు. కేంద్రం సంగతి ఎత్తకూడదు. పంచాయతీ ఊసు అసలే వద్దు. సినిమా హీరోలు కూడా రాజకీయాల కిందకే వస్తారు. గుడ్ మార్నింగులూ, దేవుడి బొమ్మలూ, ఎవరికైనా జ్వరమొస్తే ఆ కబురూ తప్ప ఇంకేం పెట్టినా గెంటేస్తానని చెప్పింది.

ఆ తర్వాత మేమిద్దరం భావనపాడు సముద్రపొడ్డున ఆరబెట్టిన నెత్తళ్ళ చేపల్లా ఎండిపోయాం. గజపతినగరంలో మా ఇల్లు ఒకటే, వాటాలు రెండు. కింద నేను, మేడ మీద అన్నయ్య. నేను బళ్ళో సోషల్ చెబుతాను. అన్నయ్య ఉద్యోగమంతా సర్కారు ఆఫీసులో చిత్తు ప్రతులు రాసి రిటైరయ్యాడు. ఇప్పటికీ వదినకి పచ్చిమిర్చి తెమ్మని చెప్పాలన్నా పైన ‘విషయం’, కింద ‘సూచిక’ పెట్టి రాస్తాడు. ఇద్దరికీ చేతినిండా తీరిక, నోటినిండా అభిప్రాయాలు. వాటిని పారబోసుకోడానికి చోటు లేదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం అన్నయ్య ఫోను దానంతటదే ఒక వీడియో వేసింది. ఒక హాల్లో కోట్లు వేసుకున్న పెద్దమనుషులు వేళ్ళు చూపించుకుంటూ అరుచుకుంటున్నారు. ఏ దేశమా అని చూస్తే ఐర్లండు. అన్నయ్య మేడ మెట్లు రెండేసి దిగి వచ్చాడు. ఆయన మోకాళ్ళు అప్పటికి పదేళ్ళుగా అలాంటి పని చేసి ఎరగవు.

“ఒరే, దొరికిందిరా! ఈ దేశంలో మన కులమోడు లేడు, మన ఊరోడు లేడు, మన సుట్టం లేడు. అక్కడ ఎవడు గెలిస్తే మనకేటి? హాయిగా మాటాడుకోవచ్చు. అప్ప ఆర్డరు మూడుసార్లు చదివాను, అందులో ఐర్లండు నేదు.”

ప్రపంచంలో ఇంతటి తెలివితక్కువ ఆలోచన మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ రాదని అప్పుడు నాకు తట్టలేదు. పైగా అన్నయ్యని మెచ్చుకున్నాను.

అక్కడి పరిస్థితి ఇదీ. ఎన్నికలయ్యాయి, ఎవరికీ సరిపడా సీట్లు రాలేదు. వంద ఏళ్ళ కిందట ఒక ఒప్పందానికి ఒప్పుకోవాలా వద్దా అని తగువుపడి విడిపోయిన వాళ్ళలోంచి పుట్టిన రెండు పాత పార్టీలు, ఇప్పుడు ఏ పార్టీకీ చెందని కొందరు స్వతంత్రుల్ని పక్కన కూర్చోబెట్టుకుని, కలిసి ప్రభుత్వం కట్టాలని చర్చలు జరుపుతున్నాయి. వాటి పేర్లు వాళ్ళ భాషలో ఉన్నాయి. మా నాలుకలు తిరగలేదు. ఎక్కువ సీట్లొచ్చినదాన్ని పెద్దదనీ, తక్కువ వచ్చినదాన్ని చిన్నదనీ అనుకున్నాం. అన్నయ్య పెద్దదాన్ని తీసుకున్నాడు. అన్నయ్య పెద్దదాన్ని తీసుకున్నాడు కాబట్టి నేను చిన్నదాన్ని తీసుకున్నాను. సిద్ధాంతాలు మనిషి మనసులో ఎలా నాటుకుంటాయని పిల్లలు అడిగితే నేనిప్పుడు ఈ ముక్కే చెబుతాను.

మొదటి వారం మర్యాదగానే గడిచింది. రెండో వారం ఆ దేశపు రాజకీయ చర్చల పేజీ ఒకటి ఫేస్‌బుక్కులో దొరికింది. ఇద్దరం చేరిపోయాం. అన్నయ్య తన మొదటి వ్యాఖ్యని ఆఫీసు ఇంగ్లీషులో, ‘పై విషయమునకు సంబంధించి తమ దయగల పరిశీలనకు సమర్పించుకోవడమేమనగా’ అన్న ధాటిలో మొదలుపెట్టాడు. ఆ పేజీలో అంతవరకు ఒకరినొకరు బండబూతులు తిట్టుకుంటున్న జనం, ఎవరో పాతకాలం మంత్రి దిగివచ్చాడనుకుని ఒక్కసారి నోరుమూశారు. ఒకాయన వినయంగా, అయ్యా తమది ఏ నియోజకవర్గం అని అడిగాడు. అన్నయ్య నిజాయితీగా గజపతినగరం అని రాశాడు. వాళ్ళ దేశంలో కూడా పడమటి వైపు నోరు తిరగని పెద్ద పెద్ద ఊరిపేర్లు ఉంటాయట. అది అక్కడే ఎక్కడో ఉంటుందనుకుని, మీ వైపు వానలు ఎలా ఉన్నాయని అడిగాడు. అన్నయ్య వానల గురించి నాలుగు పేరాలు రాశాడు. మినప చేలకి తెగులు పట్టిందని కూడా రాశాడు.

అక్కడ నాయకులు బల్ల చుట్టూ కూర్చుని శుభ్రంగా టీ తాగుతున్నారు, నవ్వుతూ ఫొటోలు దిగుతున్నారు. ఇక్కడ మేము అన్నం మానేశాం. తగువల్లా ఒకటే, ప్రధాని కుర్చీ మీద ముందు ఎవరు కూర్చోవాలి. సగం కాలం ఒకరు, సగం కాలం ఇంకొకరు అని అనుకుంటున్నారు, సరే. కానీ ముందెవరు? నేను కింద కూర్చుని ఒక వ్యాఖ్య పెడతాను. పైన ఫోను టింగుమంటుంది. కుర్చీ కిర్రుమంటుంది. చెప్పులు అటూ ఇటూ పరిగెడతాయి. రెండు నిమిషాలకి నా ఫోను టింగుమంటుంది. మధ్యలో ఉన్నది ఒక్క శ్లాబు. కేకేస్తే వినపడే దూరానికి మా మాటలు ఐర్లండు వెళ్ళి వచ్చేవి.

ఒకరోజు నేను కొంచెం ఘాటుగా, పెద్ద పార్టీవాళ్ళకి కుర్చీ తప్ప దేశం కనపడదని రాశాను. అన్నయ్యకి ఒళ్ళు మండింది. దేశదేశాల జనం చదివే ఆ పేజీలో, ఈ వ్యాఖ్య రాసిన వ్యక్తి నా సొంత తమ్ముడనీ, ఇంటర్లో లెక్కలు రెండుసార్లు తప్పాడనీ, సీట్లు కూడడం కూడా వీడికి రాదనీ ప్రకటించాడు. లైకులు వానలా కురిశాయి. సముద్రాలవతల తెల్లవాళ్ళు నా ఇంటర్ లెక్కల మీద జాలిపడ్డారు. నేనూరుకుంటానా? ఈయన ముప్పై ఏళ్ళు ఆఫీసులో ఫైలు కదపకుండా కుర్చీ మాత్రం కదిపిన మనిషనీ, జనాభా లెక్కలకి వెళ్ళి కుక్కపిల్లకి భయపడి మామిడిచెట్టెక్కి, ఆ చెట్టు మీంచే సగం వీధి లెక్క రాసుకున్నాడనీ రాశాను. అది నిజానికి కుక్కపిల్ల కాదు, బాగా ఎదిగిన కుక్కే. చరిత్రలో చిన్న చిన్న సవరణలు తప్పవు.

ఆ సాయంత్రం అన్నయ్య మా కుటుంబం గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి నాతో మాటలు బంద్. మెట్ల మీద ఎదురైతే నా వెనకాల గోడకి నమస్కారం పెట్టేవాడు.

అంతవరకైతే భరించేవాళ్ళమే. కానీ మాఘమాసంలో అప్ప కూతురి పెళ్ళి పెట్టుకున్నాం. గౌరీపూజ అయ్యాక పెళ్ళికూతుర్ని వెదురుబుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మంటపానికి మోసుకురావాలి కదా. ఆ పిల్లకి ఉన్న మేనమామలం మేమిద్దరమే. బుట్టకి ఇటొకరు, అటొకరు. అన్నయ్య అప్పకి ఫోను చేసి, వాడు ఒక పక్క పడితే నేను రెండో పక్క పట్టను, కావలిస్తే ఒక్కణ్ణే మోస్తాను అన్నాడట. నాకు ఆ కబురు తెలిసి, నేనూ ఒక్కణ్ణే మోస్తానన్నాను. అన్నయ్యకి మోకాళ్ళు లేవు, నాకు నడుము లేదు. ఇద్దర్నీ కలిపితే ఒక్క మనిషి వస్తాడేమో గానీ, విడివిడిగా మేము కొబ్బరికాయ కూడా మొయ్యలేం.

మేనకోడలికి చిన్నప్పట్నుంచీ ఆ బుట్ట మీద మోజు. ఎవరి పెళ్ళికెళ్ళినా ఖాళీ బుట్ట కనిపిస్తే అందులో కూర్చుని, లేవమంటే ఏడ్చేది. ఇప్పుడు విజయనగరంలో ఒక ల్యాబులో రక్తం తీస్తుంది. సూది పట్టుకున్న మనిషి ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడుతుంది. సంగతి విని, మా బావని, అంటే వాళ్ళ నాన్నని, వెంటబెట్టుకుని ఆదివారం పొద్దున్నే గజపతినగరంలో దిగింది.

మేడమెట్లకి సరిగ్గా మధ్యలో కూర్చుంది. అన్నయ్యని పైమెట్టు మీద, నన్ను కిందిమెట్టు మీద కూర్చోబెట్టింది.

“ఏటి మావా ఇది? నా పెళ్ళికి నేను నడిసెళ్ళాలా? సిగ్గు నేదా మీకు?”

అన్నయ్య గోడ కేసి చూస్తూ అన్నాడు. “అమ్మా, కింద కూర్చున్న పెద్దమనిషిని అడుగు, చెట్టు సంగతి వెనక్కి తీసుకుంటాడేమో.”

“సిన్నమావా, తీసుకుంటావేటి?”

“ముందు ఇంటర్ లెక్కలు వెనక్కి తీసుకోమను.”

“పెద్దమావా, తీసుకోమంటన్నాడు.”

“రెండుసార్లు తప్పిన మాట నిజం గదా? నిజాన్ని ఎలా వెనక్కి తీసుకుంటాం?”

“అయితే మామిడిచెట్టు కూడా నిజమే!” అన్నాను పైకి వినపడేలా.

ఆ పిల్ల రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. “నాన్నా, నువ్వన్నా ఓ మాట సెప్పు.”

మా బావ వరి పండించే మనిషి. ఏ పార్టీ మనిషీ కాడు. అప్పటిదాకా వంటింటి కేసి చూస్తున్నాడు. ఇప్పుడు గొంతు సవరించుకునేసరికి ముగ్గురం ఆశగా చూశాం. “ఉప్మా ఏమైనా ఉందా?” అన్నాడు. అక్కడ ఐర్లండులో స్వతంత్రులు కూడా మద్దతివ్వడానికి ఇలాగే ఏవో అడిగి ఉంటారు. మా ఆవిడ ఉప్మా పెట్టింది. బావ తిని, చెయ్యి కడుక్కుని, “పిల్ల ఎలా సెప్తే అలా సెయ్యండి” అన్నాడు. అంతే, ప్రభుత్వానికి కావలసిన సంఖ్యాబలం వచ్చేసింది.

పిల్ల చెప్పినది ఇదీ. మీ దేశంలో, అంటే ఐర్లండులో, సగం కాలం ఒకరూ సగం కాలం ఒకరూ అని ఒప్పుకుంటున్నారట గదా. మీరూ అంతే. సగం దూరం పెద్దమావ ముందు, చిన్నమావ వెనక. మిగతా సగం చిన్నమావ ముందు. అన్నయ్య దాన్ని చిత్తు ప్రతి రాసి, సాఫు ప్రతి రాసి, మూడు నకళ్ళు తీశాడు. ఇద్దరం సంతకాలు పెట్టాం. మాటలు మాత్రం కలవలేదు. ఒప్పందంలో బుట్ట ఉంది గానీ మాటలు లేవని అన్నయ్య సాఫు ప్రతి చూపించి మరీ పిల్లతో చెప్పాడు.

ఈలోగా అక్కడ ప్రభుత్వం ఏర్పడిపోయింది. ముందు పెద్ద పార్టీ నాయకుడే కుర్చీ ఎక్కాడు. మేడ మీంచి ఆ రోజంతా ఈలపాట వినిపించింది.

పెళ్ళి విజయనగరంలో ఒక ఫంక్షను హాల్లో, పగలు పదింటికి ముహూర్తం. గౌరీపూజ అవుతుంటే ఒప్పందంలో ఉన్న బొక్క బయటపడింది. సగం దారిలో మేం చోట్లు మారాలంటే బుట్ట దించాలి. బుట్ట మధ్యలో నేల మీద దించకూడదని పంతులుగారు అన్నారు. మూడు నకళ్ళలో ఏ ఒక్కదానిలోనూ దీనికి మందు లేదు. బాజాలు మొదలైపోయాయి. అన్నయ్య గబుక్కున ముందు పక్క పట్టేశాడు. నేను వెనక పక్క పట్టాను. నా సగం కాలం గాల్లో కలిసిపోయింది.

పిల్ల చేతిలో కొబ్బరిబొండాం పట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. లేచింది బుట్ట. నా నడుము ఒక మాట అంది, అది ఇక్కడ రాయకూడదు. పది అడుగులు వేశామో లేదో అన్నయ్య అన్నాడు. ఇన్ని వారాల తర్వాత, గోడతో కాకుండా నాతో.

“ఒరే, నీ పక్క ఒరుగుతోందిరా.”

“నా పక్క బాగానే ఉంది. ముందున్నోళ్ళు సరిగా నడిపిస్తే వెనకోళ్ళకి ఒరగదు.”

“నడిపించడం మాకు తెలుసు కాబట్టే అక్కడ ముందు మావోడు కూర్చున్నాడు.”

“కూర్చోనీ! రెండో సగం మావోడిదే. అప్పుడు సూద్దువు గాని.”

“రెండో సగం దాకా మీరు కలిసుంటే గదా!”

“మేం ఉంటాం. ఒప్పందం మీద సంతకం పెట్టి మాట తప్పినోడు ఎవడో, ఇప్పుడు బుట్ట ముందు పట్టుకున్నోణ్ణి అడుగు!”

ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వారాల తరబడి బిగబట్టినదంతా ఇద్దరికీ ఒక్కసారి బయటకొచ్చింది. సీట్ల లెక్కలు, స్వతంత్రులు, మామిడిచెట్టు, ఇంటర్ పరీక్ష, అన్నీ దొర్లాయి. నోళ్ళు కలిశాక కాళ్ళకి మోత తెలియలేదు. బుట్ట తేలిపోతోంది. బాజాల హోరులో, “మావా! మావా! పెళ్ళికొడుకు ఇటున్నాడు!” అని పిల్ల కొబ్బరిబొండాంతో అన్నయ్య వీపు మీద పొడిచేదాకా మేం మంటపం దాటేశామని తెలియనే లేదు. అప్పటికి భోజనాల హాలు గుమ్మంలో ఉన్నాం. ముందే కూర్చున్న ఇద్దరు ముసలాళ్ళు గారెలు చేతిలో పట్టుకుని, పెళ్ళికూతురు నేరుగా వడ్డనకి వచ్చేసిందేమిటా అని నోళ్ళు తెరిచారు.

వెనక్కి తిరగడానికి చోటు లేదు. రెండు పక్కలా బల్లలు. దించడానికి వీల్లేదు. అన్నయ్య నన్నూ బుట్టనీ మంటపాన్నీ మార్చి మార్చి చూశాడు. ఆయన మొహంలో ఏదో చిత్తు ప్రతి తయారవుతోంది.

“ఒరే, వచ్చిన దారినే నడు. తిరిగి మంటపం కేసి నడు.”

“అప్పుడు నేను ముందుంటాను గదా?”

“ఉండు మరి. నీ సగం అదే.”

నేను మంటపం కేసి తిరిగి, చేతులు వెనక్కి పెట్టి బుట్ట పట్టుకుని ముందు నడిచాను. గర్వంతో నా నడుము పదేళ్ళు చిన్నదైపోయింది. పిల్ల వెనక్కి చూస్తూ, వీపు ముందుగా, పెళ్ళికొడుకు దగ్గరికి వచ్చింది. ఎలాగూ మధ్యలో తెర పట్టుకున్నారు కాబట్టి పంతులుగారు కళ్ళు మూసుకుని మంత్రం ఆపకుండా కానిచ్చేశారు. దించగానే పిల్ల మా ఇద్దరి చెవులూ పట్టుకోబోయింది గానీ, ఒక చేతిలో కొబ్బరిబొండాం ఉండడంతో ఒక్క చెవే దొరికింది.

అది ఎవరి చెవన్నది మా ఇద్దరికీ ఇంకా తేలలేదు. “నీదేరా” అని అన్నయ్య అంటాడు, కాదు ఆయనదేనని నేనంటాను.