ఏడు తుమ్ముల గుడ్డ

ఆ రోజుల్లో నర్సు అంటే నాకు తెలిసిందల్లా తెల్ల బట్టలు, తల మీద బుజ్జి టోపీ, చేతిలో థర్మామీటరు. మా ఊరి ఆడపిల్లలందరికీ అంతే తెలుసు. జబ్బుకి వాసన కూడా ఉంటుందని, కట్టు విప్పగానే మనిషి కంటే ముందు అదే మనల్ని పలకరిస్తుందని ఒక్కరంటే ఒక్కరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ప్రత్తిపాడులో గుంటూరు బస్సు ఎక్కేదాన్నే కాదు. ఎందుకంటే నాది మామూలు ముక్కు కాదు. వీధి చివర ఎవరింట్లో ఎండుచేపలు వేయిస్తున్నారో, ఎవరి పప్పులో ఇంగువ ఎక్కువైందో మా గుమ్మంలో నిలబడి చెప్పేదాన్ని. "దీన్ని చేసుకునేవాడు దొంగతనంగా ఒక్క సిగరెట్టు కూడా కాల్చుకోలేడమ్మా, పాపం" అనేది మా అమ్మ. (చేసుకున్నాయన ఆ మాట నిజమేనని చాలా ఏళ్లు ఒప్పుకున్నారు.)

నర్సింగు చదువులో చేరిన కొద్ది నెలలకే నన్ను పుళ్ల వార్డులో వేశారు. షుగరు పుళ్లు, కాలిన గాయాలు, మంచం పట్టి వీపు పుండుపడినవాళ్లు, అందరూ అక్కడే. ఆ వార్డు పెద్ద నర్సుకి మేం పెట్టుకున్న పేరు ఫినాయిల్ సిస్టర్ (ఎదురుగా కాదులెండి, అంత ధైర్యం ఎక్కడిది). మొదటి రోజు ఆవిడ ఒక కట్టు విప్పుతూ "దగ్గరికొచ్చి చూడమ్మాయ్" అంది. చూశాను. ఆ తర్వాత నేను చూసింది వాష్‌బేసిన్‌నే. రెండో రోజూ అంతే. మూడో రోజు నుంచి ఉపాయాలు మొదలుపెట్టాను. ముక్కు కింద తలనొప్పి బామ్ దట్టంగా పట్టిస్తే వాసన పోకపోగా కళ్ల నుంచి నీళ్లు ధారలు కట్టాయి. అది చూసి ఒక పేషెంటు భార్య "మా ఆయనకి అంత ప్రమాదంగా ఉందా తల్లీ!" అని నాకంటే గట్టిగా శోకాలు పెట్టింది. కర్పూరం రుమాల్లో కట్టుకుని పీల్చాను. ఆ తర్వాత కొన్నాళ్లు గుళ్లో హారతి ఇస్తుంటే నాకు వార్డు గుర్తొచ్చి బయటికి పరుగెత్తేదాన్ని. ఊపిరి బిగపట్టి చూస్తే కళ్లు తిరిగి పేషెంటు మంచం మీదే కూలబడ్డాను, ఆయనే లేచి నాకు మంచినీళ్లు పట్టాడు. నోటితో గాలి పీల్చుకోమని హాస్టల్లో ఒక మహాతల్లి సలహా ఇచ్చింది. దాంతో వాసనకి రుచి కూడా ఉంటుందని తెలిసొచ్చింది. ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఒక శనివారం ఫినాయిల్ సిస్టర్ నన్ను పక్కకి పిలిచింది. "చూడమ్మాయ్, నీ చేతులు మంచివే. కానీ నువ్వు మూతి బిగించుకుని పరుగెత్తినప్పుడల్లా ఆ మంచంలో మనిషి ఏమనుకుంటున్నాడో ఎప్పుడైనా చూశావా? సోమవారం పదకొండో మంచం కట్టు నువ్వే కట్టాలి. మధ్యలో పారిపోయావా, మంగళవారం పెట్టె సర్దుకుని మీ ఊరు వెళ్లిపో" అంది. ఊరు వెళ్లిపోతే నాకు మిగిలేది మిరపకోతలే. మా అమ్మ అప్పటికే "మా పిల్ల నర్సమ్మండీ" అని ఊరంతా చాటింపు వేసేసింది. ఎండలో నడుం వంచి కోసీ కోసీ, "ఈ కోతలు నాతోనే ఆగిపోవాలే" అనుకున్న మనిషి. ఆవిడ ముందు పెట్టె దించే ధైర్యం నాకు లేదు.

పదకొండో మంచం మేస్త్రీ తాతది. ఆయన మిర్చి యార్డులో చాలా ఏళ్లు మేస్త్రీగా చేశాడు. బస్తాలోకి చెయ్యి పోనిచ్చి గుప్పెడు కాయలు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, ఏ రకమో, తడి ఉందో లేదో, అడుగున బూజు పట్టిందో లేదో చెప్పేసేవాడట. అలా ముక్కుతో బతికిన మనిషికి కాలికి షుగరు పుండు లేచి, రోజంతా ఆ వాసనలోనే పడుకోవాల్సి వచ్చింది. ఎవరొచ్చినా దుప్పటి పాదాల కిందికి దోపేసుకుని "రేపు చూద్దాంలేమ్మా" అనేవాడు. కొడుకు టీ తెచ్చి గుమ్మం దగ్గరే నిలబడేవాడు. "వాడి తప్పేం లేదమ్మా, నాకు నేనే పడట్లా. ఈ కాలేసుకుని మసీదుకి ఎట్టా పోతా?" అన్నాడొకసారి గోడవైపు తిరిగి. కట్టు రోజూ మార్చకపోతే ముందు వేళ్లు, ఆ తర్వాత పాదం తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరుగారు చెప్పి వెళ్లారు. నేనేమో దాన్ని మార్చలేను, ఆయనేమో మార్చనివ్వడు. ఆహా, ఏం జోడీ!

ఆదివారం ఊరెళ్లాను. కల్లంలో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అమ్మ ముక్కుకీ మూతికీ పాత చీర గుడ్డ బిగించి కట్టుకుని, రంగు పోయిన తాలు కాయలు ఏరుతోంది. ఆ ఘాటుకి నేను గట్టు మీద నుంచే వరసగా తుమ్మాను. తుమ్ము తుమ్ముకీ అమ్మ గుడ్డలోంచే "చిరంజీవ, చిరంజీవ" అంటూనే ఉంది, చేతులు మాత్రం ఆపలేదు. నా గోడంతా విని ఫక్కున నవ్వింది. "ఓసి పిచ్చిమొహమా, ఇంత ఘాటులో మేం పొద్దస్తమానం కూర్చోవట్లా? ముక్కుకి గుడ్డ కట్టుకో, పని చేసుకో. అంతేగా!" అని తన గుడ్డ విప్పి నా చేతిలో పెట్టింది. "శుభ్రంగా ఉతికి కట్టుకోవే" అని బస్సు కదిలేదాకా చెబుతూనే ఉంది.

ఉతకలేదు. అక్కడే చేశాను తప్పు. హాస్టల్లో బకెట్టు నింపాను, సబ్బు తీశాను, ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అమ్మ చెమట, కల్లం ఎండ, కొబ్బరినూనె, కారం అన్నీ కలిసిన వాసన. మా ఇల్లే నా చేతిలో ఉన్నట్టుంది. దాన్ని మోరీలో కలపడానికి నాకు చేతులు రాలేదు. దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. (ఆ రాత్రి నిద్రలో కూడా తుమ్మానని పక్క మంచం అమ్మాయి సాక్ష్యం చెప్పింది.)

సోమవారం పొద్దున్న మాస్కు లోపల ఆ గుడ్డ మడిచి కట్టుకుని పదకొండో మంచం దగ్గరికి మహారాణిలా నడిచాను. సిస్టర్ బతిమాలగా తాత దుప్పటి వదిలాడు. కట్టు విప్పాను. ఆశ్చర్యం, పుండు వాసనే తెలియలేదు! గెలిచాననుకుంటుండగానే ముక్కు లోపల సన్నగా చీమ పాకింది. ట్రే బల్ల మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి పరుగెత్తి, గోడకి తిరిగి తుమ్మాను. ఒకటి. రెండు. ఊపిరాడక గుడ్డ లాగి దులిపాను. ఛీ, దులపడమేంటి అసలు! పైన ఫ్యాను తిరుగుతోంది. పన్నెండో మంచం తుమ్మింది. పదమూడో మంచం దగ్గుతో అందుకుంది. ఫినాయిల్ సిస్టర్ ఒక చేత్తో తాత పుండు మీద శుభ్రమైన గుడ్డ కప్పేసి, రెండో చేత్తో ముక్కు మూసుకుని, "కారమా! పుళ్ల వార్డులోకి కారం తెచ్చావుటే! గాయం మీద పడితే ఏంటి గతి?" అని తుమ్ముకీ తుమ్ముకీ మధ్య నన్ను కడిగేసింది. నా తుమ్ములు ఏడుతో ఆగాయి. అయిపోయింది, నా పెట్టె నేను సర్దుకోవడమే.

అప్పుడు వినిపించింది నవ్వు. మేస్త్రీ తాత తుమ్మలేదు. మోచేతుల మీద లేచి, కళ్లు మూసుకుని, ముక్కు పైకెత్తి గాలి పీలుస్తున్నాడు. "తేజా కాయ. ఈ ఏటిదే. కొద్దిగా తడి మీద ఎత్తారు. ఎవరిదమ్మా ఆ గుడ్డ?"

"మా అమ్మది, తాతా."

"ఇంకో రెండెండలు ఎండనియ్యమను." నవ్వుతూనే ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "నెల రోజులైందమ్మా, నా ముక్కుకి నా కాలు తప్ప ఇంకో వాసన తగిలి. ఇయ్యాల యార్డుకి పోయొచ్చినట్టుంది." ఆ తర్వాత కాలు తనే ముందుకి చాపాడు. "రామ్మా, కానియ్."

సిస్టర్ ఆ గుడ్డని ప్లాస్టిక్ కవర్లో వేసి ముడి బిగించింది. ఫ్యాను ఆపించి, కిటికీలు తెరిపించి, నా చేతులు మోచేతులదాకా రెండుసార్లు కడిగించి, ఇంకో ట్రే తెప్పించింది. మళ్లీ కూర్చున్నాను, ఈసారి అమ్మ గుడ్డ లేకుండా. వాసన ఒక్కసారిగా తగిలింది. లేవబోయాను. "ఉండుండు" అన్నాడు తాత మెల్లగా. "యార్డుకి కొత్తగా వచ్చినోళ్లూ ఇట్టాగే పారిపోతారు. పారిపోతే అది తరుముద్ది. కూర్చుని దాన్ని చూడు. నిన్నటికన్నా ఎక్కువా, తక్కువా? అది చెప్పు నాకు." నిజంగానే పీల్చి చూశాను. శనివారం నేను పారిపోయేముందు తగిలిందానికంటే ఎక్కువే. "ఎక్కువే తాతా" అన్నాను, ఏడుపు గొంతుతో. "మరి రేపు తగ్గించు" అన్నాడు. ఆ కట్టు పూర్తిచేశాను. మంగళవారం నా పెట్టె జోలికి ఎవరూ రాలేదు. సిస్టర్ రిజిస్టర్లోంచి తలెత్తకుండా "పదకొండు నీదే" అంది, అంతే.

అప్పటి నుంచి అదే మా పొద్దుటి పలకరింపు. "ఎక్కువా, తక్కువా?" "సగం తక్కువ తాతా." నేను చెప్పిన మాట సిస్టర్ డాక్టరుగారికి చెప్పేది. ఒక చిటికెన వేలు పోయింది గానీ పాదం నిలిచింది. ముడి వేసిన ఆ కవరు మాత్రం తాత దిండు పక్కనే ఉండేది (ముడి విప్పితే ఇద్దరినీ కలిపి ఇంటికి పంపిస్తానంది సిస్టర్). డిశ్చార్జి రోజు దాన్ని నా చేతిలో పెట్టి, "అమ్మ గుడ్డ. ఉతకమాకు" అన్నాడు. కొడుకు భుజం మీద చెయ్యి వేసుకుని కుంటుకుంటూ వెళ్లాడు. ఆ రోజు శుక్రవారం.

ఇప్పుడు నేనే ఒక నర్సింగుహోములో పెద్ద నర్సుని. నా వెనకాల పిల్లలు ఏం పేరు పెట్టారో ఇంకా తెలియలేదు. కరోనా నన్ను వదిలి వెళుతూ నా ముక్కు పట్టుకుపోయింది. వస్తుంది వస్తుందన్నారు, రాలేదు. పాలు పొంగి మాడినా నాకు తెలియదు. మా ఆయన ఈమధ్య సాయంత్రాలు డాబా మీదికి తెగ వెళుతున్నారు, ఎందుకో అడగదలచుకోలేదు. పోయిన వారం కొత్తగా వచ్చిన అమ్మాయి కట్టు విప్పి, మూతి బిగించుకుని బేసిన్ వైపు పరుగెత్తింది. వెనక్కి వచ్చి, కళ్లు తుడుచుకుంటూ, "మీకు వాసన రాదా మేడమ్? అదృష్టవంతులు" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ అదృష్టం ఇచ్చేసి, ఆ పాడు వాసన ఒక్క క్షణం తెచ్చుకోగలిగితే! "కూర్చోమ్మా. నా వల్ల కాదు, నువ్వే చెప్పాలి. నిన్నటికంటే ఎక్కువా, తక్కువా?" అన్నాను. ఆ పిల్ల భయపడుతూనే ముక్కు వంచింది. "కొంచెం... తక్కువే మేడమ్" అంది. చెప్పాక తనే ఆశ్చర్యపోయింది.

ఇంటికొచ్చి బీరువా అడుగు నుంచి ఆ కవరు తీశాను. అమ్మ పోయి రెండేళ్లు. ముడి విప్పి గుడ్డని ముఖానికి అదుముకున్నాను. ఏమీ లేదు. అమ్మ లేదు, కల్లం లేదు, ఉత్త గుడ్డ. ఇంకొంచెం గట్టిగా పీల్చాను. ముక్కు లోపల సన్నగా చీమ పాకింది. ఇన్నేళ్ల కారం ఇంకా మిగిలుందో, ఉత్త దుమ్మేనో నాకు తెలియదు, వరసగా తుమ్ములు. డాబా మీద నుంచి మా ఆయన కంగారుగా "ఏమైందే?" అని కేకేశారు. ఏమీ కాలేదన్నాను. ఏడు లెక్కపెట్టుకుని, "చిరంజీవ" అని నాకు నేనే చెప్పుకుని, ఉతకకుండానే మడత పెట్టాను.