గిల్లి తేల్చిన వయసు

ఆసుపత్రి లాండ్రీలో ఇరవై నాలుగేళ్ళుగా పనిచేస్తున్న సూదక్కకి దేనికీ అసహ్యం వేయదని పేరు. మనుషుల ఒంట్లోంచి ఏమేమి బయటికి రాగలవో అన్నీ ఆ దుప్పట్ల మీదే వచ్చేవి. ఆవిడ వాటిని విప్పి, దులిపి, నెత్తురంటినవి ఒక తొట్టెలో, మిగతావి ఇంకో తొట్టెలో పడేసి, చేతులు కడుక్కుని, మధ్యాహ్నం తీరిగ్గా భోంచేసేది. సూదక్క అనే ముద్దుపేరు కూడా పనిలోంచి వచ్చిందే. ఒకసారి మాసిన దుప్పటి మడతలోంచి వాడేసిన సూది ఒకటి అరచేతిలో దిగితే, దాన్ని అలాగే పట్టుకెళ్ళి సూపరింటెండెంటు సంతకం పెడుతున్న కాగితంలో గుచ్చి వచ్చింది.

అలాంటి మనిషికి కడుపులో తిప్పింది ఎక్కడంటే, మొదటి అంతస్తులో, ఫినాయిల్ వాసన తప్ప మరే వాసనా లేని ఆఫీసు గదిలో.

పుట్టినతేదీ కాగితం లేని ఉద్యోగుల వయసు తేల్చడానికి కమిటీ వేశారు. కమిటీ అంటే ఇద్దరు: ఒక డాక్టరు, ఒక సంక్షేమాధికారి. సూదక్క ఇంట్లో పుట్టింది, ఎవరూ వెళ్ళి రాయించలేదు. ఉద్యోగంలో చేరిన రోజున గుమాస్తా రిజిస్టరులో వయసు గడిలో 'సుమారు' అని రాసి, పక్కన అంకె వేయడం మర్చిపోయాడు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత ఆ సుమారుకి అంకె కావాల్సి వచ్చింది. అరవై దాటినట్టు తేలితే నెలాఖరుకి ఇంటికి. సూదక్క లెక్కలో ఆవిడకి యాభై రెండు, అంటే ఇంకా ఎనిమిదేళ్ళ ఉద్యోగం. ఆ పని మీద ఆవిడకి ప్రేమేమీ లేదు. తల్లి పెన్షను మందులకే సరిపోదు, ఇద్దరూ బతికేది ఆ జీతం మీద, అంతే.

పళ్ళు చూడటం, ఎముకలకి ఎక్స్-రే తీయడం డాక్టరుకి పెద్ద పని అనిపించింది. జుట్టుకి రంగేస్తారు, ముఖానికి పౌడరేస్తారు, చేతుల్ని మాత్రం ఎవరూ దాచలేరని ఆయన సిద్ధాంతం. పైగా ముఖం చూస్తే జాలి పుట్టి అంచనా తప్పుతుందట. అందుకని రోగుల మంచాల మధ్య నిలబెట్టే ఆకుపచ్చ తెర ఒకటి తెప్పించి, దానికి రెండు చేతులు దూరేంత చీలిక పెట్టించాడు. ఇవతల మనిషి, అవతల న్యాయం.

సూదక్క చేతులు దూర్చింది. అవతల రెండు వేళ్ళు, మెత్తగా, చల్లగా, ఆవిడ ముంజేతి కింద చర్మాన్ని గిల్లి పైకెత్తి వదిలాయి.

"ఒకటి... రెండు... మూడు... నాలుగు. నాలుగు సెకన్లకి దిగింది, రాసుకోండి. నరాలు, నాలుగుకి మూడు. మచ్చలు మూడు. ముడతలు నాలుగు."

"బడిలో కూడా నాకు ఇన్ని మార్కులు రాలేదు సార్," అంది సూదక్క.

అవతల నుంచి స్పిరిటులో ముంచిన దూది వాసన వచ్చింది. డాక్టరు వేళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆవిడని ముట్టుకున్నందుకు! వాంతులూ చీమూ చూసిన సూదక్కకి అప్పుడు డోకొచ్చినంత పనైంది.

"ఇలాంటి చేతులకి దణ్ణం పెట్టాలమ్మా," అంది సంక్షేమాధికారి గొంతు, తడి తడిగా. ఆ వెనకే డాక్టరు గొంతు: "అరవై ఒకటి."

"అది వయసు కాదు సార్, బట్టల సోడా! బ్లీచింగు నీళ్ళు!"

"గ్లౌజులు ఇస్తున్నాం కదా?"

"అందరికీ ఒకటే సైజు ఇస్తారు. అందులోకి వేడినీళ్ళు దిగితే చెయ్యి ఉడికిపోతుంది."

"కారణాలు మాకెందుకమ్మా? కనిపించిందే రాస్తాం. అభ్యంతరముంటే అర్జీ పెట్టుకోండి, శుక్రవారం మళ్ళీ చూస్తాం."

తెరకి ఇవతల గోడ మీద, ఆవిడ తల తిప్పితే కనబడేట్టు, పెద్ద ఫొటో ఒకటి వేలాడుతోంది. తెల్లటి దుప్పటి మడత పట్టుకున్న రెండు చేతులు, కింద లావుపాటి అక్షరాల్లో 'ఈ చేతులే మా బలం'. అవి సూదక్క చేతులే. మూడేళ్ళ కిందట ఫొటోగ్రాఫరు వచ్చి, ముడతలు మెరవాలని నూనె రాసి మరీ తీశాడు. గోడ మీద బలమైనవే బల్ల మీదకొచ్చేసరికి ముసలివైపోయాయి.

కష్టపడ్డ చేతులు అందంగా ఉంటాయని చెప్పేవాళ్ళు ఆ చేతులతో ఒక్కపూట జాకెట్టు హుక్కులు పెట్టుకుని చూడాలి. సూదక్కకి తన చేతులంటే పరమ రోత. చలికాలం వచ్చిందంటే కణుపుల దగ్గర పగిలి నెత్తురొచ్చేవి. గోళ్ళు పచ్చబడి పెళుసుగా విరిగేవి. వేళ్ళు తడిసి ఆరిన అట్టముక్కల్లా ఉండేవి. బస్సులో కమ్మీ పట్టుకోవాల్సి వస్తే కొంగు చుట్టి పట్టుకునేది. అయినా, రోత పడే హక్కు తనది. ఇంకొకడు గిల్లి చూసి అంకె వేయడమేమిటి?

ఇంటికెళ్ళేసరికి తల్లి మంచం మీద కూర్చుని మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకుంటోంది. ఆవిడ ముప్ఫై ఐదేళ్ళు బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చుని రిటైరైన మనిషి. ఎండ తగల్లేదు, సోడా తగల్లేదు. భర్త బతికున్నన్నాళ్ళూ గిన్నెలు కూడా ఆయనే తోమాడు.

"ఏమన్నారే?"

"అరవై ఒకటట."

"ఎవరికి? నీకా?" తల్లి నూనె సీసా కింద పెట్టింది. "నాకే డెబ్భై ఒకటి. పదేళ్ళకి కన్నానా నిన్ను? వాడి నోట్లో మన్నుపడ! లెక్కలు రావా వాడికి?"

"వాడు లెక్కలు చూడడమ్మా, చేతులు చూస్తాడు. ముఖం కూడా చూడడు, తెర అడ్డం పెట్టుకుంటాడు." అంటూనే సూదక్క ఆగిపోయింది. నూనెకి నిగనిగలాడుతున్న తల్లి చేతుల వంక చూసింది. బొద్దుగా, నున్నగా, వేళ్ళ చివర గులాబీరంగు గోళ్ళతో ఉన్నాయవి. "అమ్మా, శుక్రవారం నీకేమైనా పనుందా?"

"డెబ్భై ఒక్కేళ్ళదాన్ని, నాకేం పనుంటుందే?"

శుక్రవారం తెరలోంచి దూరినవి తల్లి చేతులు. సూదక్క పక్కనే నిలబడింది. అవతల రెండు వేళ్ళు గిల్లాయి.

"ఒకటి... రెండు. దిగిపోయింది. నరాలు ఒకటి. ముడతలు... రెండు వేసుకోండి." కాగితం తిరగేసిన చప్పుడు. "పోయినసారి నాలుగని ఉందేమిటి? ఎవరో పొరపాటున రాసినట్టున్నారు. యాభై మూడు, మహా అయితే యాభై నాలుగు."

"సంతోషం," అంది సంక్షేమాధికారి గొంతు. "ఇంకో ఆరేళ్ళు సేవ చేసుకోవచ్చమ్మా."

తల్లి తెరని ఒక్క తోపు తోసింది. దాని కాళ్ళకున్న చక్రాలు కిర్రుమన్నాయి. "ఎప్పుడు చేరమంటావు నాయనా? రాత్రి డ్యూటీ మాత్రం వేయకు, కళ్ళు కనబడవు."

సంక్షేమాధికారి లేచి నిలబడ్డాడు. "ఇది మోసం! ఎవరి చేతులు పెట్టారు మీరు?"

"ఎవరివో చూడకూడదన్నది మీ రూలేగా సార్," అంది సూదక్క. సంచిలోంచి తల్లి పెన్షను కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది మా అమ్మ. అసలు వయసు డెబ్భై ఒకటి. మీరు పద్దెనిమిదేళ్ళు తగ్గించారు, నాకేమో తొమ్మిదేళ్ళు పెంచారు. పదేళ్ళ పిల్ల నన్ను కన్నదని రాసి సంతకం పెట్టండి, నేను ఇప్పుడే వెళ్ళిపోతాను."

ఇద్దరూ కార్డు మీదకి వంగి గుసగుసలాడుకున్నారు. తప్పు ఒప్పుకుంటారని ఒక్క క్షణం అనిపించింది. కానీ తప్పు ఒప్పుకోవడానికి కమిటీలు వేయరు. డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"పది సాధ్యం కాదు, నిజమే. పదిహేను సాధ్యమే. డెబ్భై ఒకటిలోంచి పదిహేను తీస్తే యాభై ఆరు. యాభై ఆరు రాయండి."

"పదిహేనేళ్ళకి నేను పరికిణీ వేసుకుని బడికెళ్ళేదాన్నిరా!" అని అరిచింది తల్లి. "మా ఆయన్ని కళ్ళతో కూడా చూడలేదు!"

"మీ పరువు సంగతి మాకు తెలియదమ్మా. వైద్యపరంగా సాధ్యమే."

తన అంకె తప్పని చెప్పడం కన్నా ఒక ముసలావిడ పదిహేనేళ్ళకే బిడ్డని కన్నదని రాయడం ఆయనకి సుఖంగా ఉంది. సూదక్క తల్లి భుజం పట్టుకుని ఆపింది. నాలుగేళ్ళు దక్కాయి, నాలుగేళ్ళు పోయాయి. ఇంకో అర్జీ పెడితే ఆ గిల్లే వేళ్ళు మళ్ళీ తన చేతి మీదకొస్తాయి. సంతకం పెట్టింది.

"సార్, ఆ ఫొటో నాకిస్తారా?" అంది గోడ వంక చూపించి.

సంక్షేమాధికారి మొహం విప్పారింది. "తప్పకుండా! గుర్తుగా ఇంట్లో పెట్టుకుంటారా?" అని కుర్చీ ఎక్కి తనే దించి, పైనున్న దుమ్ము ఊది మరీ ఇచ్చాడు.

తల్లిని గేటు దగ్గర రిక్షా ఎక్కించి, సూదక్క ఫొటోని చంకలో పెట్టుకుని లాండ్రీకి వెళ్ళింది. మాసిన బట్టల బండి అడుగు తుప్పుపట్టి చిల్లులు పడి, నెల రోజులుగా దారంతా కారుతోంది. చెప్పినా ఎవరూ బాగుచేయించలేదు. ఫొటోకి చెక్క చట్రమూ, వెనక మందపాటి అట్టా ఉన్నాయి, సరిగ్గా పట్టింది. బొమ్మ పైకుండేట్టు అడుగున పరిచి, ఆపరేషను గది నుంచి వచ్చిన మూట దాని మీద దభీమని పడేసింది.

దుప్పట్లు మడతేసే పిల్ల నోరెళ్ళబెట్టింది. "అక్కా, అవి నీ చేతులు కదా!"

"నా చేతులు ఇవిగో," అంది సూదక్క, వదులు గ్లౌజులు పైకి లాక్కుంటూ. "ఆ మూట కొస పట్టు."