మేనేజరు గారి వినాయకుడు

నంద్యాలలో ఇల్లు, ఆళ్లగడ్డలో ఉద్యోగం. పాప లేవకముందే బస్సెక్కి, అది పడుకున్నాక ఇంటికి చేరేదాన్ని. దాని చెయ్యి పట్టుకుని ఒక్కసారైనా బడిదాకా నడవాలని నా ఆశ. దాని ఆశ కూడా అదే. అందుకే నంద్యాల బ్రాంచికి బదిలీ చేయమని మా ఇన్సూరెన్స్ కంపెనీ మేనేజరును అడగని నెల లేదు. ఎప్పుడడిగినా “చూద్దామమ్మా” అనేవాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంకో నెల బతికేదాన్ని.

మా కంపెనీలో ఆఫీసు పని తర్వాత, సారు ఇంటి పని ముందు. కోయిలకుంట్ల బ్రాంచి ఆయన సారు ఇంటికి శనగలు మోసేవాడు, శ్రీశైలం వైపు తిరిగే ఆయన తేనె మోసేవాడు. వీళ్లకు సిగ్గులేదని నేను మూతి తిప్పుకునేదాన్ని. నన్నెవరూ ఏమీ అడగలేదు కాబట్టి నా సిగ్గు భద్రంగా ఉండేది.

సారు నంద్యాలలో కొత్త ఇల్లు కట్టాడు. ఒకరోజు ఫోన్ చేసి, “ఏందమ్మా, అంతమంది శిల్పులుండే ఆళ్లగడ్డలో ఉండి ఒక రాతి వినాయకుణ్ణి చెక్కించలేవా?” అన్నాడు.

“ఎందుకు చెక్కించలేను సార్!” అన్నాను, ఆయన మాట పూర్తి కాకముందే.

ఇక చూడాలి నా భక్తి. మధ్యాహ్నం అన్నం మానేసి శిల్పి షెడ్డులో కూర్చునేదాన్ని. తల నిండా రాతి దుమ్ము. సారు వీడియో కాల్‌లో చూసి, “బొజ్జ రవ్వంత తగ్గించమను” అన్నాడు. ఆయన బొజ్జ మాత్రం ఫోనులో పట్టడం లేదు.

శిల్పి ఉలి కింద పెట్టాడు. “యాడన్నా బొజ్జలేని వినాయకుడు ఉంటాడామ్మా? నేను ముట్టుకోను పో.”

ఈ మాట సారుకు చెప్పే ధైర్యం నాకెక్కడిది? “తగ్గిస్తాండాడు సార్” అన్నాను. విగ్రహం అట్లాగే నంద్యాల చేరింది.

గృహప్రవేశం నాడు సారు దాని చుట్టూ తిరిగి, “చూసినావా, నేను చెప్పినట్టు తగ్గిస్తే ఎంత కళ వచ్చిందో!” అని అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. నేను ఉబ్బిపోయాను. ఇదే సమయమని బదిలీ మాటెత్తాను.

“నిన్ను ఆడినుంచి ఎట్ల తీసేదమ్మా? నా పైన ఉండే పెద్దసారు ఆంజనేయస్వామి కావాలంటాండాడు. ఈ పని నీకు తప్ప ఎవురికి చేతనైతాది?”

చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవా. ఆయన మీద కన్నా నా మీదే ఎక్కువ మండిపోయింది. శనగలాయన అక్కడే నిలబడి నావైపు జాలిగా చూస్తున్నాడు. గట్టిగా ఒక మాట అనాలనే నోరు తెరిచాను.

“ఎంత ఎత్తు సార్?” అన్నాను.

ఆదివారం కాబట్టి ఇంటికి పోయేసరికి పాప మెలకువగానే ఉంది. పరుగెత్తుకొచ్చి నా కొంగు పట్టుకుంది.

“రేపు నన్ను నువ్వే బడికి తీసకపోతావా మా?”

“చూద్దామమ్మా” అన్నాను.